పొగ రాని ఇల్లు

మా ఊళ్ళో జనం మాంసం తినేది ఏడాదికి రెండు పండగలకీ, ఎవడి కొంపైనా మునిగినప్పుడూ. పండగలు ఎప్పుడొస్తాయో అందరికీ తెలుసు. కొంప మునగడం మాత్రం చెప్పి రాదు. ఎవరి గేదె కాలు విరిగినా, ఎవరి ఎద్దు కాలవలో పడినా ముందు నాకే కబురొస్తుంది. నేను కసాయి మిత్వల్లీని. కత్తి తీసుకుని పరుగెత్తుతాను. గొడ్డు ప్రాణం పోకముందే దాని గొంతు మీద దేవుడి పేరు చెప్పి కత్తి పెట్టాలి. ఆ తర్వాత ఆ మాంసాన్ని ఊళ్ళో ప్రతి ఇల్లూ కొనాలి. వద్దనడం లేదు, బేరమాడడం లేదు. డబ్బు లేనివాడు మొక్కజొన్నలు కొలుస్తాడు, అవీ లేనివాడు కోడిపెట్టను చంకన పెట్టుకొస్తాడు. అలా పోగైనదాంతో గొడ్డు పోయినవాడు మంగళవారం సంతలో ఇంకో గొడ్డును కొనుక్కుంటాడు. ఇది మా తాతల నాటి కట్టుబాటు. పాషాలూ బేలూ అనే మా భూస్వామి దొరలు చేసిన చట్టాలు ఎన్నో వచ్చాయి, పోయాయి. ఇది మాత్రం నిలిచింది.

ఇందులో సిగ్గుపడాల్సిన సంగతి కూడా ఒకటుంది, దాచను. ఊళ్ళో గేదెకి జబ్బు చేసిందంటే అందరి నోటా 'అయ్యో పాపం' అనే వస్తుంది. ఆ నోట్లోనే నీళ్ళూ ఊరతాయి. కడుపు నిండినవాళ్ళు దీన్ని చూసి నవ్వుకోవచ్చు. నాకు మాత్రం నవ్వు రాదు.

వహ్దాన్ సంగతి చెబుతాను. యుద్ధం జరుగుతున్న రోజులు, కియహ్క్ నెల చలి. వహ్దాన్‌కి ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. బే గారి భూమి రెండెకరాలు కౌలుకి చేసేవాడు. అబద్ధమాడడం చేతకాని మనిషి. దారిలో దొరికిన కొడవలిని మూడు ఊళ్ళు తిప్పి, దాని సొంతదారు చేతిలో పెట్టి వచ్చిన రకం. ఇలాంటివాళ్ళని ఊరు పొగుడుతుంది, బే గారి గుమాస్తా తొక్కేస్తాడు. అతని పెళ్ళాం ఖద్రా. పిల్లలు ఇంకా లేరు. వాళ్ళ ఇంట్లో ఉన్నదల్లా ఒక గేదె. అది చూడితో ఉంది, ఇంకో నెలలో ఈనాలి.

ఆ గేదె పాల కోసం మాత్రమే కాదు. నీటి చక్రం తిప్పేది అదే, నాగలి లాగేదీ అదే. 'గొడ్డు లేనివాడికి కౌలు లేదు' అని గుమాస్తా ఏటా మసీదు ముందు నిలబడి చాటేవాడు. కౌలు పోయినవాడికి మిగిలేది కూలి ముఠా. మేస్త్రీ లారీలో ఎక్కించుకుపోతాడు. ఎక్కడో ఉత్తరాన ఉప్పు నేలల్లో, మోకాలి లోతు బురదలో కాలవలు తవ్వాలి. అలా వెళ్ళినవాళ్ళలో సగం మంది మూత్రంలో నెత్తురుతో తిరిగొచ్చారు. మా సందులో ఉండే షాబాన్ అసలు తిరిగే రాలేదు. వాడి తల్లి ఇప్పటికీ వాడి పేరుతోనే బతుకుతోంది, అందరం ఆమెని షాబాన్ తల్లీ అనే పిలుస్తాం.

ఆ రోజు బే గారి నారింజ తోటలో కాయలు కోయాలని ఆడవాళ్ళందర్నీ తెల్లారకముందే రమ్మన్నారు. ఖద్రా రోజూ ఎండ పొడుచుకొచ్చాకే గేదెకి మేత వేసేది. లేత బర్సీం గడ్డి మంచు తడితో తింటే గొడ్డు కడుపు ఉబ్బుతుందని మా ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. కానీ కావలివాడు కర్రతో తలుపు బాదుతుంటే ఏం చేస్తుంది? తడి మేతే ఒక మోపు గాడిలో పడేసి పరుగెత్తింది. వహ్దాన్ మరకి వెళ్ళి, పిండి మూటతో తిరిగొచ్చేసరికి గేదె ఎడమ డొక్క డప్పులా బిగిసిపోయి ఉంది.

నేను వెళ్ళేసరికి సందు నిండా జనం. ఆడవాళ్ళ ముసుగుల చాటున గిన్నెలున్నాయి. పైకి కనపడనివ్వరు, అంత మాత్రం మర్యాద మాకూ ఉంది. మా ఊళ్ళో గొడ్ల వైద్యం కూడా చేసే మంగలి, గేదె నోట్లో కర్ర అడ్డం కట్టి, నూనె పట్టించి, దాన్ని పెరట్లో తిప్పుతున్నాడు. ఖద్రాకి తోటలోకి కబురెళ్ళిందో ఏమో, జుట్టు నిండా నారింజ ఆకులతో పరుగెత్తుకొచ్చి నిలబడింది.

"వహ్దాన్, ఇంకా నిలబడే ఉంది. నిలబడి ఉండగానే కానిచ్చేద్దాం రా," అన్నాను.

"కాస్త ఆగు బాబాయ్. ఒక్క తేన్పు వస్తే చాలన్నాడు మంగలి."

"మంగలి మాట నమ్మితే గడ్డం కూడా మిగలదు. పడుకుని మెడ చాపిందంటే ఇంక నా చేతిలో ఏం ఉండదు."

"లోపల దూడ ఉంది బాబాయ్. నెల తిరిగితే ఈనుద్ది. రెండు ప్రాణాలు తియ్యమంటావా?"

"రెండూ పోయాక ఏం చేస్తావురా మూర్ఖుడా?"

ఖద్రా నా చెయ్యి పట్టుకుంది. "ఆయన మాట వినకు బాబాయ్. కోసెయ్. నా చేత్తో పెట్టిన మేతే దాన్ని తినేస్తోంది, నేను చూడలేను. కోసెయ్."

వహ్దాన్ ఆమె వంక చూశాడు. తడి మేత సంగతి అతనికి తెలుసు. ఒక్క మాట అనలేదు. ఇంకో మొగుడైతే ఆ రోజు ఆమె వీపు విమానం మోత మోగించేవాడు.

"పుణ్యముంటుంది బాబాయ్, మధ్యాహ్నం దుహర్ నమాజు దాకా ఆగు," అన్నాడు.

ఆగాను. నేను ఆగకుండా ఉండాల్సింది. కత్తి పట్టినవాడికి జాలి ఉంటే అది ముందే ఉండాలి, మధ్యలో కాదు. దుహర్ బాంగు వినపడుతుండగా గేదె ముందు కాళ్ళు మడిచింది. అప్పుడు అరిచాను. జనాన్ని బయటికి తోసి తలుపు వేశాను. కోసేటప్పుడు గొడ్డు చుట్టూ జనం ఉండడం నాకు ఎప్పుడూ ఇష్టం ఉండదు. ఖద్రా లోపలి గదిలోకి పోయి ముఖం గోడకి ఆనించుకుంది. వహ్దాన్ గేదె కొమ్ము పట్టుకున్నాడు గానీ, తల పక్కకి తిప్పుకున్నాడు. బిస్మిల్లా అని కత్తి లాగాను.

నలభై ఏళ్ళుగా కత్తి పట్టిన చెయ్యి ఇది. ప్రాణం ఉన్న గొంతు కత్తి కింద ఎలా ఉంటుందో నా వేళ్ళకి తెలుసు. నెత్తురు ఎగదన్నాలి. కాళ్ళు విదిలించాలి. ఏమీ కాలేదు. నల్లటి నెత్తురు మెల్లగా కారి, గాడి దాకా పోయి అక్కడే ఆగింది. గేదె నా కత్తి కంటే ముందే వెళ్ళిపోయింది. ఎంత ముందు? ఒక్క ఊపిరి ముందు కావచ్చు. దేవుడి లెక్కలో ఒక్క ఊపిరైనా ఒకటే, అది చచ్చిన గొడ్డు. దాంట్లో ముక్క తినకూడదు, అమ్మకూడదు, కాలవ గట్టున పాతెయ్యాల్సిందే.

వహ్దాన్ తల తిప్పకుండానే అడిగాడు. "కదిలిందా బాబాయ్?"

నేను అతని మెడ వెనక చూశాను. జుబ్బా మెడ దగ్గర చిరిగి, ఖద్రా వేసిన అతుకు కనపడుతోంది. ఉత్తరాన బురదలో ఈ మెడ ఎన్నాళ్ళు నిలుస్తుంది అనుకున్నాను. అంతే, నోరు దానంతట అదే తెరుచుకుంది.

"కదిలింది. వెనక కాలు తన్నింది. చూళ్ళేదూ? కొంచెముంటే నా మోకాలు విరిగేది."

అబద్ధమాడేవాడికి ఒక్క మాటతో తృప్తి ఉండదు.

"అల్హమ్దులిల్లా," అన్నాడు వహ్దాన్. కూలబడి, గేదె పొట్ట మీద చెయ్యి వేసి, అలాగే చాలాసేపు కూర్చున్నాడు. దూడని బయటికి తీసినప్పుడు దాన్ని తన జుబ్బా కొసతో తుడిచాడు. పుట్టిన దూడని తుడిచినట్టే తుడిచాడు. నేను చూడలేక కత్తి నూరుకున్నాను.

తర్వాత తలుపు తీశాను. జనం ఒక్కొక్కరే వచ్చారు, గిన్నెలు పట్టుకుని. మామూలుగా ఇలాంటప్పుడు నా చుట్టూ చేపల సంత జరుగుతుంది. ఎముక ఎక్కువ వేశావని ఒకడు, పక్కింటావిడకి తొడ ముక్క వేశావని ఇంకొకావిడ, నా తల్లినీ తండ్రినీ సమాధుల్లోంచి లేపి మరీ తిడతారు. ఆ రోజు ఎవరూ నోరు మెదపలేదు. ఏది వేస్తే అది పట్టుకున్నారు. ఇచ్చేది వహ్దాన్ పరిచిన గుడ్డ మీద పెట్టి, 'దేవుడు మళ్ళీ ఇస్తాడు' అని వెళ్ళిపోయారు. మసీదు షేక్ అబ్దుల్ బారీ కూడా వచ్చి తన వాటా తీసుకున్నాడు. షాబాన్ తల్లి దగ్గర ఏమీ లేకపోతే రెండు పావురాలు తెచ్చింది. నాకు అప్పుడైనా వెలగాల్సింది. దొంగకి తన గుండె చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు, నాకూ అంతే.

సాయంత్రం అస్ర్ నమాజు వేళకి అంతా అయిపోయింది. నా వాటాకి నాణేలు గుడ్డ మీద పెట్టి, అది పట్టుకుని ఇంటికెళ్ళాను. నా పెళ్ళాం నబవియ్యా అప్పటికే కుండ తోమి పెట్టింది. గిన్నె ఆమెకి ఇవ్వకుండా నేరుగా వెనక కాలవలోకి వంపేశాను. ఆమె నా ముఖం చూసింది. మాకు పెళ్ళై నలభై ఏళ్ళు. నేను ఏ గొడ్డుని ఎలా కోశానో నా నడక చూసి చెప్పగలదు.

"సరే," అంది చివరికి. "రొట్టెలైనా కాల్చుకోనీ. పొయ్యి వెలిగించనీ."

"వద్దు. ఈ పూట నా ఇంట్లో నిప్పు రాజుకోకూడదు."

"ఊరంతా వండుకుంటుంటే మన ఇల్లొక్కటే చల్లగా ఉంటే ఏం బాగుంటుందయ్యా?"

"ఊరంతా చచ్చిన గొడ్డు తింటోంది! నా మూలంగా తింటోంది! నేను ఉపవాసమైనా ఉండొద్దా?" అని అరిచాను. ఆమె నిన్నటి రొట్టె ముక్కా, ఉప్పులో ఊరిన జున్నూ నా ముందు పెట్టి వెళ్ళిపోయింది. నేను అవీ ముట్టలేదు. చాలా గొప్పగా అనిపించింది నాకు. పాపం చేశాను కానీ, చేతులు కడుక్కున్నాను అనుకున్నాను.

సూర్యుడు పత్తి చేల వెనక్కి వాలుతుండగా ప్రతి మిద్దె మీదా పొగ లేచింది. పిడకల పొగ, పత్తి కట్టె పొగ. సందుల నిండా ఉల్లిపాయల వాసన. ఒక్కొక్క పొగనీ చూస్తూ, ఇది ఫలానావాళ్ళది, ఇది ఫలానావాళ్ళది, వీళ్ళందరి నోట్లో హరాం పెట్టినవాణ్ణి నేనే అనుకుంటూ కూర్చున్నాను. పసిపిల్లలు ఎక్కడో ఏడుస్తున్నారు. అదీ నా పాపానికే అనుకున్నాను. ఆ మాట మాత్రం నిజమే, కానీ నేననుకున్న తీరులో కాదు.

పొద్దున్నే ఉండబట్టలేక షాబాన్ తల్లి దగ్గరికి వెళ్ళాను. ఊళ్ళో నా కంటే పెద్దది ఆమే. ఎవరి ముందైనా ఒప్పుకోవాలంటే ఆమె ముందే ఒప్పుకోవాలి. గుమ్మంలో కూర్చుని చలి కాచుకుంటోంది.

"నిన్న మీ మిద్దె మీద పొగ రాలేదేం మిత్వల్లీ? ఒంట్లో బాగోలేదా?"

నేను ఆమె ముందు నేల మీద కూర్చున్నాను. "పెద్దమ్మా, గేదె కదల్లేదు. అబద్ధం చెప్పాను. మీ అందరికీ చచ్చినదాన్ని తినిపించాను."

ఆమెకి నోట్లో పన్ను లేదు. ఆ బోసి నోరు తెరిచి నవ్వింది.

"నువ్వు గొడ్లని కోస్తావు గానీ నీకు గొడ్డుకున్న తెలివి కూడా లేదురా. మేమంతా ఎక్కడ నిలబడ్డాం? సందులో. తలుపు కింద తూము దగ్గర పిల్లలంతా గుంపుగా కూర్చున్నారు, నెత్తుట్లో చెయ్యి ముంచి గోడలకి అద్దుకుందామని. ఎప్పుడైనా కోస్తే నెత్తురు సందు మధ్య దాకా పారుద్ది. నిన్న ఒక్క చుక్క రాలేదు. పిల్లలు కూడా గ్రహించారు, నువ్వేమో కాలు తన్నిందని అరుస్తున్నావ్ లోపల."

నేను ఆమె దగ్గరికి జరిగాను.

"అయితే... మీరు తినలేదా?"

"ఎవడు తింటాడు చచ్చినదాన్ని? పాతేశాం. మా తూర్పు సందు వాళ్ళంతా కలిసి ఒకటే గొయ్యి తీశారు."

"మరి ఆ పొగ? ఆ వాసన?"

"నీళ్ళల్లో ఉల్లిపాయలు ఉడకబెట్టాం. షేక్ని అడిగాం, ఇలా కొనొచ్చా అని. 'కొనడం తప్పే, ఆ తప్పు గురించి దేవుడితో నేను మాట్లాడుకుంటాను. ఉల్లిపాయలు ఉడకబెడితే తప్పని మాత్రం ఏ కితాబులోనూ లేదు' అన్నాడు. పక్కింట్లో పిల్లలు ఒకటే ఏడుపు. కళ్ళముందు మాంసం పెట్టి, పాతేసి, ఉల్లి నీళ్ళు తాగమంటే ఏడవరూ?" ఆమె చేతులు నిప్పు మీద తిప్పింది. "వహ్దాన్ మిద్దె ఎక్కి చూస్తాడని తెలుసు మాకు. గొడ్డు పోయిన ప్రతివాడూ చూస్తాడు, ఊరు వండుకుంటోందా లేదా అని. అతగాడికి తెలిసిందంటే ఒక్క గింజ కూడా ఉంచుకోడు. వాడి సంగతి నీకు తెలీదా? వాడు ముఠాలో పోకూడదు. నా కొడుకు పోయాడు, చాలు. అందుకే అన్ని పొయ్యిలూ వెలిగాయి."

నా వంక చూసింది. ఆమె ముఖంలో నవ్వు పోయింది.

"నీది తప్ప," అంది.

ఈ ముసలి కాళ్ళతో నేను ఎలా పరుగెత్తానో నాకే తెలియదు. ఇల్లు చేరేసరికి వహ్దాన్ మా గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. నిన్నటి గుడ్డ మూట భుజాన ఉంది. వెనక ఖద్రా, కళ్ళు వాచిపోయి. నబవియ్యా తలుపు పట్టుకుని నిలబడింది.

"నిన్న మీ ఇంట్లో వండలేదేం బాబాయ్?" అని అడిగాడు వహ్దాన్. గొంతులో కోపం లేదు.

"ఒంట్లో బాగోక..."

"ఆయనకి కడుపునొప్పి," అంది నబవియ్యా వెంటనే.

"పిన్నికేమైంది? పిన్నికీ కడుపునొప్పేనా? ఊళ్ళో ప్రతి ఇంటా పొగ లేచింది. కోసినవాడి ఇంట్లో మాత్రం లేవలేదు." భుజాన మూట సర్దుకున్నాడు. "నేను తల తిప్పుకున్నాను బాబాయ్. అది నా తప్పు. నువ్వు కళ్ళారా చూశావు. అది కదిలిందా?"

"కదిలిందన్నానుగా."

"అయితే తలాక్ మీద ఒట్టేసి చెప్పు."

మా దగ్గర ఇంతకంటే పెద్ద ఒట్టు లేదు. అబద్ధానికి ఆ ఒట్టేస్తే, వేసిన క్షణం నుంచి పెళ్ళాం పెళ్ళాం కాదు. షేక్ కూడా ఏమీ చెయ్యలేడు. నేను నబవియ్యా వంక చూశాను. తలుపు పట్టుకుని అలాగే నిలబడి ఉంది, నన్నే చూస్తోంది. నాకు ఒట్టు రాలేదు. నిన్న అంత తేలిగ్గా అబద్ధమాడిన నోరు ఈ రోజు కట్టేసినట్టు అయిపోయింది.

వహ్దాన్ తలూపాడు. "నా మంచికే చేశావు బాబాయ్. దేవుడు నీకు మేలు చెయ్యాలి," అని నేనిచ్చిన నాణేలు మా గుమ్మం మీద పెట్టి వెళ్ళిపోయాడు.

పొద్దుగూకేదాకా ఇల్లిల్లూ తిరిగాడు. తిట్టని ఇల్లు లేదు. "మేం తిన్నాం రా, కడుపు నిండా తిన్నాం, నీకేం నొప్పి?" అని అరిచారు. "నీ నిజాయితీ తగలెట్టా," అని మంగలి రాయి కూడా విసిరాడు. ఎవరూ చెయ్యి చాపలేదు. అతను గుమ్మాల మీద పెట్టుకుంటూ పోయాడు, మొక్కజొన్నలు, గుడ్లు, కోళ్ళు, ఎవరివి వాళ్ళకి. షాబాన్ తల్లి పావురాలని ఆమె మిద్దె కింద వదిలిపెడితే అవి ఎగిరి పైకెక్కాయి. ఆమె వాటిని చూస్తూ నెత్తి కొట్టుకుంది.

ఖద్రా ఆ రోజంతా అతని వెనకే నడిచింది. మొదట బతిమాలింది, తర్వాత తిట్టింది, తర్వాత ఊరికే నడిచింది.

మంగళవారం సంతకి అందరూ వెళ్ళారు, వహ్దాన్ వెళ్ళలేదు. గురువారం గుమాస్తా వచ్చి పొలంలో గొలుసు వేసి కొలిచి, ఇంకొకరికి ఇచ్చాడు. శనివారం మేస్త్రీ లారీ కాలవ గట్టు మీద ఆగింది. వహ్దాన్ దుప్పటి చుట్టుకుని, రొట్టెల మూట పట్టుకుని ఎక్కాడు. ఊరంతా వచ్చింది. నేను వెనక నిలబడ్డాను. దగ్గరికి వెళ్ళే ముఖం నాకెక్కడిది? ఖద్రాని వాళ్ళ అన్న వచ్చి గాడిద మీద ఎక్కించుకుపోయాడు.

ఇంటికొచ్చేసరికి నబవియ్యా పొయ్యి ముందు కూర్చుని ఉంది. వారం నుంచీ ఆమె నాతో పెద్దగా మాట్లాడలేదు.

"వెళ్ళిపోయాడా?" అంది.

"వెళ్ళాడు."

పొయ్యిలో ఒక పిడక తోసింది. నా వంక తిరగలేదు.

"ఒట్టేసి ఉండాల్సింది," అంది.

"పిచ్చిదానా, నలభై ఏళ్ళ కాపరం మీదా?"

"ఆ, దాని మీదే. నేను మా అన్న ఇంట్లో ఓ మూల పడి ఉండేదాన్ని. ఆ పిల్లాడు ఊళ్ళో ఉండేవాడు."